కాజీగుండ్‌లో నా కాళ్లకు వెచ్చదనం ఇచ్చిన ఇంటికి

మాది కాజీపేట. రైలు కూత వినపడకపోతే నిద్ర పట్టని ఊరు. ఎండలో, వానలో, పొగమంచులో ఎన్నో రైళ్లను ఫొటోలు తీశాను గానీ, మంచు కొండల నడుమ వచ్చే ప్యాసింజర్ రైలును ఒక్కసారైనా కళ్లారా చూడాలని ఏళ్ల తరబడి కోరిక. ఈ జనవరిలో, కశ్మీర్ లోయలోని కాజీగుండ్‌లో అది తీరింది. అయితే ఆ రోజు కొందరు ఆదుకోకపోతే ఏమయ్యేదో తలచుకుంటే ఇప్పటికీ గుండె దడదడలాడుతోంది. వాళ్లలో ఒక్కరికి తప్ప ఎవరికీ తెలుగు రాదు. అయినా నా వాళ్లందరి ముందు, నా భాషలోనే వాళ్లకు దండం పెట్టుకోవాలనిపించింది.

కశ్మీర్ రైలు అనగానే అందరూ 359 మీటర్ల ఎత్తున్న చీనాబ్ వంతెన గురించీ, 2025 జూన్‌లో మొదలైన కట్రా–శ్రీనగర్ వందేభారత్ గురించీ అడుగుతారు. నాకు మాత్రం లోయలో బనిహాల్ నుంచి బారాముల్లా దాకా తిరిగే లోకల్ రైలు మీదే మనసు. పీర్ పంజాల్ కొండల కింద 11 కిలోమీటర్లకు పైగా పొడవున్న సొరంగం దాటి అది లోయలోకి వస్తుంది. 2013లో ఆ సొరంగం తెరిచాక, అప్పట్లో రోడ్డు మీద 35 కిలోమీటర్లున్న బనిహాల్–కాజీగుండ్ దూరం రైలు దారిలో సగమైంది. మంచు పడి హైవే మూసేసిన రోజు ఆస్పత్రికి వెళ్లేవాళ్లు, కాలేజీ పిల్లలు, బుట్టలతో చిరు వ్యాపారులు ఆ బండినే నమ్ముకుంటారు. నేను తీయాలనుకున్నది ఆ బండినే.

డిసెంబర్ 21 నుంచి నలభై రోజుల గడ్డు చలిని అక్కడ చిల్లై కలాన్ అంటారు. అందులోనే వెళ్లినా మూడు రోజులు మంచు జాడ లేదు. నాలుగో రాత్రి దుప్పటి పరిచినట్టు పడింది. తెల్లారి ట్యాక్సీ ఎవరూ రానన్నారు. శ్రీనగర్ స్టేషన్‌లో రైలెక్కి కాజీగుండ్‌లో దిగాను. దారిలో పాంపోర్ కుంకుమపువ్వు పొలాలు, ఆకు లేని ఆపిల్ తోటలు, అన్నీ ఒకటే తెలుపు.

స్టేషన్‌లో నా కెమెరా బ్యాగు చూసి ఒక జవాను ఆపారు. అదే సమయానికి ఇంటి నుంచి ఫోన్. "అమ్మా, చేరాను, టెన్షన్ పడకు" అన్నానో లేదో, ఆయన ముఖం వెలిగిపోయింది. "ఏటమ్మా, ఇంత చలిలో ఏటి పనిది? ఏ ఊరు?" శ్రీకాకుళం యాస! వెయ్యి మైళ్ల అవతల ఆ "ఏటి" వినగానే నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆయనే నన్ను స్టేషన్ సిబ్బంది దగ్గరికి తీసుకెళ్లి నేనెవరో, ఎందుకొచ్చానో చెప్పారు. ఎక్కడ నిలబడొచ్చు, ఏ వైపు కెమెరా తిప్పకూడదు, అన్నీ ఓపిగ్గా వివరించారు. "చీకటి పడకముందే బండెక్కీయమ్మా, నేను చూసుకుంటాన్లే" అన్నారు. అన్నా, మీరిది చదివితే, మీ చెల్లెలి నమస్కారం.

అసలు ఆపద తర్వాత వచ్చింది. ఊరి బయట పొలం గట్టు మీద నడుస్తూ, చదునుగా ఉంది కదా అని ఒక అడుగు పక్కకు వేశాను. మంచు కింద నీటి కాలువ ఉందని నాకేం తెలుసు! మోకాలి దాకా దిగిపోయింది. బూటు నిండా మంచు నీళ్లు. రెండు నిమిషాల్లో కాలి వేళ్లు నావి కానట్టయిపోయాయి. అరిచాను. ఆపిల్ తోటలోంచి ఒక కుర్రాడు పరుగెత్తుకొచ్చాడు, వెనకే వాళ్లమ్మ.

ఇద్దరూ చెరో రెక్క పట్టుకుని ఇంట్లోకి తీసుకెళ్లారు. ఆ తల్లి నా సాక్సు తానే లాగేసి, పాదాలను తన ఒళ్లో పెట్టుకుని పొడిగుడ్డతో తుడిచింది. "వద్దమ్మా" అంటే వినలేదు. వెంటనే నిప్పు దగ్గర పెట్టకూడదట, ముందు ఒంటి వేడి తగలాలట. చేతుల మధ్య పట్టుకుని కూర్చుంది. కాసేపటికి సూదులు గుచ్చినట్టు నొప్పి మొదలైతే, "ఇక భయం లేదు బేటీ" అని నవ్వింది. అప్పుడు కాంగ్డీ ఇచ్చింది. చిన్న మట్టి కుండలో బొగ్గుల నిప్పు, చుట్టూ బుట్టలాంటి అల్లిక. ఫెరన్ అనే పొడుగాటి అంగీ తొడిగి, దాని లోపల ఆ కుండను ఎలా పట్టుకోవాలో చూపించింది. తర్వాత గులాబీ రంగు ఉప్పు టీ, నాన్‌వాయి, అంటే రొట్టెలు కాల్చే అతని, దుకాణం రొట్టె. ఆ టీ మొదటి గుక్క మన నాలుకకు కొత్త. మూడో గుక్కకు ఇంకో కప్పు అడిగాను.

చలికి కెమెరా బ్యాటరీ సగం ఉండగానే పడిపోయింది. రెండోదీ అంతే. ఆ తల్లి రెండూ తీసుకుని తన ఫెరన్ లోపలి జేబులో వేసుకుంది, కోడిపిల్లలను పొదువుకున్నట్టు. గంట తర్వాత ఇస్తే రెండింట్లోనూ ప్రాణం వచ్చింది.

ఆ కుర్రాడు నాకు నేర్పింది మరో ఎత్తు. "దీదీ, కొత్త మంచులో రైలు చప్పుడు వినపడదు. పట్టాల దరిదాపులకు వెళ్లొద్దు" అన్నాడు. నిజమే, మెత్తటి మంచు శబ్దాన్ని మింగేస్తుంది. కూత మీద ఆధారపడే కాజీపేట చెవులు అక్కడ పనికిరావు. రైల్వే హద్దుకు దూరంగా, వాళ్ల తోటలో ఎత్తుగా ఉన్న గట్టు మీద నన్ను నిలబెట్టి, పోప్లార్ చెట్ల మీది కాకులను చూస్తూ ఉండమన్నాడు.

కాకులు ఒక్కసారిగా లేచాయి. ముందు దీపం కనపడింది. తర్వాత బండి పైకప్పు మీద కరెంటు అందుకునే చట్రం పైన తీగ మీది మంచుకు తగిలి చిటపటమన్న నీలి మెరుపు. ఈ మార్గానికి 2022లో కరెంటు తీగలు వేశాకే ఆ మెరుపులు చూడగలుగుతున్నాం. బండి ముందు నుంచి పొడి మంచు పిండిలా ఎగిరింది. మంచులో కెమెరాను దాని ఇష్టానికి వదిలేస్తే తెలుపును బూడిద రంగు చేస్తుంది కాబట్టి, వెలుగు ఒకటిన్నర మెట్టు దాకా పెంచి, రాలే రేకుల మీదికి ఫోకస్ పోకుండా ముందే బిగించి పెట్టుకున్నాను. పద్నాలుగు ఫొటోలు వచ్చాయి. ఇంటికొచ్చి పెద్దగా చేసి చూస్తే, ఆవిరి పట్టిన ఒక కిటికీలో పాప చేత్తో తుడుచుకున్న గుండ్రటి జాగా, అందులోంచి నా వైపే చూస్తున్న రెండు కళ్లు. నా అన్ని ఫొటోల్లోకీ నాకు ఇదే ఇష్టం.

తిరుగు ప్రయాణంలో ప్లాట్‌ఫారం చివర పారలతో, రైలు పట్టాలు మారే పాయింట్ల మధ్య మంచు తోడుతున్న గ్యాంగ్‌మన్లను చూశాను. మీసాల మీద మంచు గడ్డకట్టింది. ఒకాయన పని ఆపకుండానే తల ఊపి పలకరించారు. మన దగ్గర మే నెల ఎండలో పట్టాల మీద పనిచేసేవాళ్లే గుర్తొచ్చారు. ఆ బండి నడిచింది వాళ్ల వల్ల. వాళ్లకూ నా దండాలు.

ఆ ఇంట్లో డబ్బు తీసుకోమంటే ఆ తల్లి నా చేయి పక్కకు తోసేసింది. ఫొటోలు ప్రింట్ చేయించి పోస్టులో పంపాను. మొన్న కుర్రాడు ఫోన్ చేశాడు. అమ్మ రైలు ఫొటోను గోడకు తగిలించిందట. "దీదీ, మీ కాజీపేటలో కూడా ఒక రైలు తీసి పంపు, బాగా ఎండ ఉన్నప్పుడు. అమ్మకు ఎండ కావాలట" అన్నాడు. ఆదివారం మధ్యాహ్నం ప్లాట్‌ఫారం మీదే ఉంటాను.