శీనుకి, కాలి సిరలో కట్టిన రక్తపు గడ్డ గురించి

శీనూ,

నువ్వు ఫోన్ పెట్టేసిన దగ్గర్నుంచి నా ధ్యాసంతా నీ కాలి మీదే ఉందిరా. రిపోర్టులో హోమోసిస్టీన్ 38 ఉందని, "గడ్డకి కారణం ఇదే, విటమిన్ బిళ్లలు వేసుకుంటే తగ్గిపోతుంది, ఆ రక్తం పలచబడే మందు ఆపెయ్యి" అన్నాడట మీ బావమరిది. ముందు ఈ ఒక్కమాట విను. డాక్టరు చెప్పకుండా ఆ మందు ఒక్కపూట కూడా మానకు.

మనం తినే మాంసకృత్తుల్లోని మెథియోనిన్ అనే అమైనో ఆమ్లం నుంచి ఒంట్లో హోమోసిస్టీన్ తయారవుతుంది. బి12, ఫోలిక్ ఆమ్లం దాన్ని మళ్లీ మెథియోనిన్‌గా మారుస్తాయి, బి6 ఇంకో దారిన వదిలిస్తుంది. ఇవి చాలకపోతే అది రక్తంలో పేరుకుంటుంది. మామూలుగా 15 లోపు ఉండాలి.

హోమోసిస్టీన్ మీద అనుమానం ఎలా పుట్టిందో నాకు భలే ఆసక్తి. 1933లో అమెరికాలో ఎనిమిదేళ్ల పిల్లాడు పక్షవాతంతో చనిపోయాడు. వాడి రక్తనాళాలు ముసలివాళ్లవిలా గట్టిపడి ఉన్నాయి. హోమోసిస్టీన్ విపరీతంగా పెరిగే పుట్టుకజబ్బు అది. తర్వాత వేరే లోపంతో చనిపోయిన ఒక పసిబిడ్డలోనూ అలాంటి నాళాలే కనిపించాయి. లోపాలు వేరు, పెరిగింది మాత్రం ఇద్దరిలోనూ హోమోసిస్టీనే. నాళాలు పాడవడానికి అదే కారణమై ఉండాలని 1969లో కిల్మర్ మెకల్లీ అనే అమెరికన్ డాక్టరు రాశాడు. ఆ పుట్టుకజబ్బున్న వాళ్లలో అంకె 100 దాటిపోతుంది, చిన్నవయసులోనే సిరల్లో గడ్డలు కడతాయి.

నీలాంటి మధ్యస్థపు పెరుగుదల సంగతి వేరు. అంకె బాగా ఎక్కువున్నవాళ్లలో కాలి సిరల గడ్డలు రెండున్నర రెట్లు కనిపించాయని 1996లో నెదర్లాండ్స్ వాళ్లు చెప్పారు. అయితే విటమిన్లిచ్చి తగ్గిస్తే సరిపోతుందని అందరూ ఆశపడ్డారు. ఐదున్నర వేల మందికి పైగా పాల్గొన్న హోప్-2 అనే అధ్యయనంలో విటమిన్లిస్తే హోమోసిస్టీన్ తగ్గింది గానీ సిరల గడ్డలు తగ్గలేదు. అప్పటికే ఒకసారి గడ్డ వచ్చినవాళ్ల మీద చేసిన విట్రో అనే అధ్యయనంలోనూ అంతే. అంటే అంకె దిగినంత మాత్రాన నీకు రక్షణ వచ్చినట్టు కాదురా! పైగా కాలు విరిగి, కట్టుతో మంచాన పడ్డావు కదా, గడ్డకి అంతకంటే పెద్ద కారణం ఏం కావాలి?

అలాగని 38ని వదిలెయ్యమనను. నువ్వు శాకాహారివి, పైగా షుగరుకి ఎన్నాళ్లుగానో మెట్‌ఫార్మిన్ వాడుతున్నావు. ఈ రెండూ బి12ని తగ్గించేవే. బి12, థైరాయిడ్, కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ చూపించుకో. బి12 లోపం ఉంటే మందు పడాల్సిందే, లేకపోతే నరాలు దెబ్బతింటాయి. ఊరికే ఫోలిక్ ఆమ్లం ఒక్కటే మింగకు. రక్తహీనత తగ్గినట్టు కనిపిస్తుంది, లోపల నరాల నష్టం సాగిపోతూనే ఉంటుంది. ఒంట్లో ఫోలిక్ ఆమ్లం వాడకానికి తోడ్పడే ఎంటీహెచ్‌ఎఫ్‌ఆర్ జన్యువుకి పరీక్షంటూ ఎవరైనా చెప్తే ఆ డబ్బు పళ్లకి ఖర్చుపెట్టుకో.

ల్యాబులో పనిచేసేవాణ్ణి గనక ఇంకోటి చెప్తా. ఈ పరీక్షకి ఊదారంగు మూత ట్యూబులో రక్తం తియ్యగానే ఐస్‌లో పెట్టి, గంటలోపు ప్లాస్మా వేరుచెయ్యాలి. బయటే వదిలేస్తే ఎర్రకణాలు హోమోసిస్టీన్‌ని వదులుతూనే ఉంటాయి, అంకె ఉత్తుత్తినే పెరుగుతుంది. నీ శాంపిల్ ఇంటి దగ్గర తీసుకుని బైకు మీద పట్టుకెళ్లారన్నావు. డాక్టర్ని అడిగి, ల్యాబుకే వెళ్లి పరగడుపున మళ్లీ ఇవ్వు.

ఉన్నట్టుండి ఆయాసం, ఛాతీలో నొప్పి, దగ్గితే రక్తం, వీటిలో ఏదొచ్చినా ఆలోచించకుండా ఆసుపత్రికి వెళ్లిపో. ఇది చెల్లెమ్మకి కూడా చదివి వినిపించు. బి12 రిపోర్టు రాగానే ఫోటో తీసి పంపు, రాత్రి ఎంత పొద్దుపోయినా సరే.

నీ
రవి