వార్షిక నివేదిక 2024–25: బాలయేసు తొట్టికి మన పిలకాయల గడ్డిపోచలు

గౌరవ సభ్యులకు నమస్కారాలు.

ఈ ఏడాది మన విచారణ (గుడి పరిధి) తల్లిదండ్రుల సంఘం చేసిన పనుల్లో జనం ఎక్కువగా మాట్లాడుకున్నది, వాదించుకున్నది, ఒకరిద్దరు అలిగింది కూడా ఆగమన కాలంలో, అంటే క్రిస్మస్‌కు ముందు వారాల్లో, పిల్లలతో చేయించిన తొట్టి పని గురించే. అందుకని నివేదికలో ఎక్కువ చోటు దానికే ఇస్తున్నాను. మిగతావి మీరంతా చూసినవే. మే సెలవుల్లో సత్యోపదేశం (పిల్లలకు మతబోధ) తరగతులు జరిగాయి. ఆగస్టు 15న మరియమాత మోక్షారోపణ పండుగ, జెండా పండుగ ఒకేరోజు కాబట్టి పిల్లలకు చాక్లెట్లు రెండుసార్లు దక్కాయి. సెప్టెంబర్ 8న మరియమాత పుట్టినరోజు ప్రదక్షిణలో చిన్నపిల్లలు పూలు చల్లారు. ఫిబ్రవరిలో విజయవాడ గుణదల మాత తిరునాళ్లకు బస్సు మాట్లాడుకుని వెళ్లొచ్చాం, అందరూ క్షేమంగా తిరిగొచ్చారు. ఇక అసలు విషయం.

స్టార్ చార్టు ఎందుకు తీసేశాం

మొన్నమొన్నటి దాకా మన సత్యోపదేశం గదిలో గోడకు ఒక స్టార్ చార్టు ఉండేది. ప్రార్థన ఒప్పజెప్పితే ఒక మెరుపు స్టిక్కరు, అల్లరి చేయకుండా కూర్చుంటే ఇంకొకటి. కొన్నాళ్లకే ఇద్దరు ముగ్గురు పిల్లల వరసలు నిండిపోయి, మిగతావాళ్ల పేర్ల ఎదుట గోడ కనబడేది. ‘మావాడికి ఆదివారం పొద్దున్నే కడుపునొప్పి వస్తోంది, సోమవారానికి అదే తగ్గిపోతోంది’ అని ఒక తల్లి కమిటీలో నవ్వుతూ చెప్పింది గానీ, అది నవ్వుకుని వదిలేసే మాట కాదని అందరికీ తెలుసు.

ఆరోజు మన కమిటీలోని రిటైర్డ్ టీచరు గారు ఒక పాత పరిశోధన సంగతి చెప్పారు. 1973లో అమెరికాలో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం నర్సరీ బడిలో చేసినదట. మూడు నుంచి ఐదేళ్ల వయసు పిల్లలు, స్కెచ్ పెన్నులతో బొమ్మలు వేయడమంటే వాళ్లకు మామూలుగానే ఇష్టం. కొందరికి ‘బొమ్మ వేస్తే రిబ్బను కట్టిన సర్టిఫికెట్ ఇస్తాం’ అని ముందే చెప్పారు. కొందరికి చెప్పకుండా చివర్లో ఇచ్చారు. ఇంకొందరికి ఏమీ ఇవ్వలేదు. ఒకటి రెండు వారాలు గడిచాక అవే పెన్నులు మళ్లీ గదిలో పెట్టి చూస్తే, ముందే ఆశ చూపించిన పిల్లలు మిగతావాళ్లతో పోలిస్తే సగం సేపే వాటిని ముట్టుకున్నారు. ఇష్టంగా చేసే పని కాస్తా కూలి పని అయిపోయిందన్న మాట. ‘మరి పరలోక జపం కూడా కూలికే చెప్పిస్తున్నామా?’ అని టీచరు గారు అడిగితే ఎవరూ నోరెత్తలేదు.

అప్పుడు మఠంలోని సిస్టరు గారు తొట్టి ఆచారం గుర్తుచేశారు. ఐరోపాలో కతోలిక కుటుంబాలు పాతకాలం నుంచి చేస్తున్నదే. ఆగమన కాలం మొదట్లో ఇంట్లో ఒక ఖాళీ తొట్టి పెడతారు. పిల్లలు రోజూ చేసిన ఒక్కో మంచి పనికి ఒక్కో గడ్డిపోచ అందులో వేస్తారు. క్రిస్మస్ రాత్రికి బాలయేసుకు మెత్తటి పక్క సిద్ధమవుతుంది.

‘ఇదీ బహుమతి లాంటిదే కదా, స్టిక్కరు బదులు గడ్డి’ అని ఒక సభ్యుడు అడ్డం తిరిగారు. అడగాల్సిన మాటే అడిగారు. స్టిక్కరు పిల్లాడికి మనం ఇచ్చేది. గడ్డిపోచ పిల్లాడు ఇంకొకరికి ఇచ్చేది. అది వాడి ఖాతాలో పడదు, బాలయేసు వీపు కిందికి పోతుంది. ఆ తర్వాత నెల రోజులు వచ్చిన ప్రతి పేచీకీ మేం ఈ మాట దగ్గరికే తిరిగొచ్చాం.

గడ్డి కోసం పడిన పాట్లు

లూకా సువార్త రెండో అధ్యాయంలో ఉన్నది ఇంతే: సత్రంలో చోటు లేక తల్లి బిడ్డను పశువుల తొట్టిలో పడుకోబెట్టింది. గడ్డి ప్రస్తావన అక్కడ లేదు. దాన్ని మన కళ్లముందు పెట్టింది అస్సీసీ ఫ్రాన్సిస్ గారు. 1223 క్రిస్మస్ రాత్రి ఇటలీలో గ్రెచ్చో అనే కొండ ఊళ్లో బొమ్మలేవీ లేకుండా ఒక తొట్టి, ఎండుగడ్డి, ఒక ఎద్దు, ఒక గాడిద పెట్టించి పూజ చేయించారు. 2025 ఏప్రిల్ 21న మనల్ని విడిచి వెళ్లిన ఫ్రాన్సిస్ జగద్గురువులు (పోపు గారు) 2019లో అదే గ్రెచ్చోకు వెళ్లి, ఇళ్లలో పశువుల పాక పెట్టుకునే ఆచారం వదులుకోవద్దని లేఖ రాశారు. ఫాదర్ గారు పిల్లలకు ఈ కథ చెప్పినప్పుడు ఒకడు లేచి ‘ఎద్దు పూజ మధ్యలో అరవలేదా?’ అని అడిగాడు. ఫాదర్ గారి దగ్గర జవాబు లేదు.

వరి పండే నెల్లూరు జిల్లాలో గడ్డికి కరువా అనుకున్నాం. డిసెంబరులో మన దగ్గర నాట్ల పని, కోతలు కాదు. ఎడగారు (రెండో కారు) పంట గడ్డి ఉన్నా, మిషన్ కోసినది నలిగి ముక్కలై ఉంటుంది. చిన్న పిల్లలు వేళ్లతో పట్టుకుని ఒక్కొక్కటిగా వేయాలంటే చేత్తో కోసి కట్ట కట్టిన పొడుగాటి గడ్డి కావాలి. దానికితోడు ఆగమన కాలం మొదటి ఆదివారం డిసెంబర్ 1న పడింది, సరిగ్గా ఫెంగల్ తుఫాను వాన. అప్పటికే తెచ్చి గుడి వరండాలో పెట్టిన గడ్డి తడిసి రెండు రోజులకే బూజు వాసన కొట్టింది. దాన్ని అవతల పారేశాం. చివరికి పక్క వీధి రైతు గారు తన పాత వామి లోపలి నుంచి ఒక మోపు లాగి ఇచ్చారు. ఆయన మన విచారణవారు కాదు, గుడికి ఏనాడూ వచ్చిన మనిషీ కాదు. డబ్బులివ్వబోతే ‘పసిబిడ్డ పక్కకి గడ్డి అమ్ముకుంటానా’ అన్నారు. సంఘం తరఫున వారికి ఈ సభలో కృతజ్ఞతలు నమోదు చేస్తున్నాం.

చేసే పద్ధతి కొత్తగా చేరిన సభ్యుల కోసం రాస్తున్నాను. పచారీ కొట్టు నుంచి బిస్కెట్ల అట్టపెట్టెలు తెచ్చి, పై మూతలు కోసి, పక్కల్ని కాస్త వాలుగా వంచి అతికిస్తే తొట్టి ఆకారం వస్తుంది. కాళ్లకు ఐస్‌క్రీం పుల్లలు అడ్డంగా గుణకారం గుర్తులా పెట్టి దారంతో కట్టాం. ఫెవికాల్ ఒక్కటే కొన్నది. కత్తెర పని పెద్దవాళ్లది, రంగు వేయడం పిల్లలది. కాబట్టి ఊదా రంగు తొట్లు, పచ్చ తొట్లు, ఒక నల్ల తొట్టి కూడా తయారయ్యాయి. గడ్డిని ఒక పూట ఎండలో పరిచి, బాగా దులిపి, జానెడు ముక్కలుగా కోసి, ఇంటికొక పిడికెడు కట్ట ఇచ్చాం. దులపకుండా ఇస్తే దుమ్ముకు పిల్లలు దగ్గుతారు. ఆయాసం ఉన్న పాప ఇంటికి గడ్డి బదులు పసుపు రంగు ఊలు దారం ముక్కలు పంపాం. బాలయేసు బొమ్మల్ని మరియదళం (మరియమాత భక్తుల సంఘం) అక్కలు పాత నూలు చీరల గుడ్డతో కుట్టారు. వాటిని మాత్రం ఎవరి చేతికీ ఇవ్వకుండా 24వ తేదీ దాకా బీరువాలో పెట్టి తాళం వేశాం.

ఇళ్లలో జరిగింది

ఏ పనికి పోచ వేయాలన్నది పిల్లలకే వదిలేయమన్నాం, పెద్దవాళ్లు ఊరికే గుర్తుచేయాలి. మూడేళ్ల పిల్లకు ‘ఓర్పు, దయ’ అంటే ఏం తెలుస్తుంది? తాత మాత్ర వేసుకునేటప్పుడు గ్లాసు అందించడం తెలుస్తుంది. తమ్ముడి చేతిలో కారు బొమ్మ లాక్కోకుండా ఆగడం తెలుస్తుంది, అదీ ఒక్కోసారే. రాత్రి ప్రార్థన అయ్యాక ‘ఈరోజు ఎవరికి ఏం చేశావు?’ అని అడిగి, చెప్పింది విని, పోచ వేయించడమే. మనం పెద్దవాళ్లం పడుకునే ముందు చేయాల్సిన ఆత్మపరిశోధన ఇదే. ఎంతమంది చేస్తున్నామో ఎవరికి వారికే తెలుసు. ఒక ఇంట్లో ఐదేళ్ల పిల్ల వాళ్ల నాన్నను కూడా అడిగింది, ‘నువ్వేం చేశావు నాయనా?’ అని. ఆయన ఆలోచిస్తూ కూర్చుండిపోయారట. మర్నాటి నుంచి పెద్దవాళ్లకూ పోచలు కావాలని ఆ ఇంటి నుంచి ఇంకో కట్ట అడిగి తీసుకెళ్లారు.

పేచీలు రెండొచ్చాయి. ఒకాయన కొడుకు మాట వినలేదని తొట్టిలోంచి పోచలు తీసేశారు. వాడు ఏడ్చి ఏడ్చి తొట్టిని మంచం కిందికి తోసేశాడు. క్రమశిక్షణ కావాలి కదా అని ఆయన వాదన, అందులో కొంత నిజం లేకపోలేదు. అయితే ఫాదర్ గారు ఒక్క మాటే అన్నారు: ‘ఇచ్చిన కానుక వెనక్కి తీసుకుంటామా?’ అప్పటి నుంచి తొట్టిలో పడిన పోచను ఎవరూ తీయకూడదని నియమం పెట్టుకున్నాం. తప్పుకు వేరే మందలింపు ఉంటుంది, దాన్ని తొట్టితో ముడిపెట్టవద్దు.

రెండోది వాట్సాప్ పేచీ. ఎవరో తమ పాప తొట్టి ఫోటో గ్రూపులో పెట్టారు. సాయంత్రానికి అన్ని ఇళ్ల ఫోటోలూ వచ్చాయి. మర్నాడు ‘వాళ్లది నిండిపోయింది, నీది చూడు’ అని మొదలు. గోడ మీది చార్టు ఫోన్లోకి వచ్చిందంతే. కుడిచెయ్యి చేసింది ఎడమచేతికి తెలియకూడదని మత్తయి సువార్తలో ప్రభువు చెప్పింది సిస్టరు గారు గుర్తుచేసి, పండుగ రాత్రి వరకు ఫోటోలు వద్దన్నారు. పోచలు లెక్కపెట్టడం కూడా మానేశాం. కొందరికి ఇది నచ్చలేదు, అది కూడా ఇక్కడ రాస్తున్నాను.

మూడో ఆదివారం తర్వాత జరిగిన ఒక సంగతి చెప్పాలి. నాలుగేళ్ల పిల్లాడు ఒక రాత్రి ఎవరూ చూడకుండా మిగిలిన గడ్డి కట్ట మొత్తం తొట్టిలో కుక్కేశాడు. పొద్దున్నే వాళ్లవ్వ చూసి ‘ఏరా అబ్బయ్యా, ఇన్ని మంచి పనులు ఎప్పుడు చేశావు?’ అని నిలదీస్తే, వాడు బెదరలేదు. ‘రాత్రి చలేసింది గదవ్వా. నాకు దుప్పటి ఉంది, యేసయ్యకి లేదు’ అన్నాడు. ఇది మోసమా కాదా అని కమిటీలో చాలాసేపు మాట్లాడుకున్నాం. నియమం ప్రకారం ఆ పోచల వెనక ఒక్క పనీ లేదు. గడ్డి తీసేయాలని ఒక్కరూ అనలేదు. వాడికి ఇంకో కట్ట పంపాలని తీర్మానించి, ఆ తీర్మానం మినిట్స్‌లో రాసుకున్నాం.

దీనితో పిల్లలంతా బుద్ధిమంతులైపోయారని రాస్తే మీరే నవ్వుతారు. కొట్లాటలు అలాగే ఉన్నాయి. రెండో వారానికే కొన్ని ఇళ్లలో తొట్టి టీవీ పక్కన దుమ్ము పట్టింది. పగలంతా పనికి పోయి అలసి వచ్చే ఇళ్లలో రాత్రి కూర్చుని మాట్లాడే ఓపిక ఉండదు, వాళ్లను తప్పుపట్టలేం. ఆదివారం కడుపునొప్పులు మాత్రం తగ్గాయని తల్లులు చెబుతున్నారు.

24 రాత్రి పూజకు పిల్లలు తమ తొట్లు తెచ్చి పీఠం ముందు పెట్టారు. మరియదళం అక్కలు బొమ్మల్ని ఒక్కొక్కరి చేతికిచ్చారు. జనవరి 12న ప్రభువు జ్ఞానస్నాన పండుగ అయ్యాక పాకలు విప్పేటప్పుడు గడ్డి ఏం చేయాలన్న ప్రశ్న వచ్చింది. గ్రెచ్చో తొట్టిలోని గడ్డి తిని జబ్బుపడిన పశువులకు నయమైందని అస్సీసీ ఫ్రాన్సిస్ గారి తొలి చరిత్రలోనే ఉంది. మన గడ్డిలోంచి దారాలు, జిగురు అంటిన ముక్కలు ఏరేసి, కనుమకు ముందు ఆ రైతు గారి గేదెలకే ఇచ్చాం. గేదెలు మామూలుగానే తిన్నాయి.

తపస్సుకాలంలో ముళ్ల కిరీటం

మార్చి 5న విభూది బుధవారం, అంటే ఈస్టరుకు ముందు వచ్చే తపస్సుకాలం మొదటి రోజు, నుంచి ఇదే దారిలో ఇంకొకటి చేశాం. రెండు గ్లాసుల మైదా, ఒక గ్లాసు ఉప్పు, ఒక గ్లాసు నీళ్లు కలిపి ముద్ద చేసి, మూడు పాయలుగా జడ అల్లి గుండ్రంగా చుట్టి, పంటిపుల్లలు గుచ్చితే కిరీటం. ఒక మంచి పనికి ఒక ముల్లు తీయాలి. నిజంగా ఉంటుందని తుమ్మముళ్లు తెస్తామన్నారు కొందరు, చిన్నపిల్లల ఇళ్లలో వద్దన్నాం. మార్చి ఎండకు మిద్దె మీద బాగానే ఆరాయి గానీ, ఇంట్లోకి తెచ్చాక ఎలుకలు కొరికాయి. తొట్టి అంత సరదా దీనికి రాలేదు. ముల్లు తీయడం కంటే పక్క పరచడమే పిల్లలకు తేలిగ్గా అర్థమవుతుందని నా అభిప్రాయం. కమిటీలో అందరూ దీన్ని ఒప్పుకోరు. వచ్చే ఏడాది పెద్ద పిల్లలతో మాత్రమే చేయించాలని ప్రతిపాదన ఉంది, ఈ సభలో నిర్ణయించాలి.

లెక్కలు, వచ్చే ఏడాది

జమాఖర్చుల పుస్తకం కోశాధికారి గారి దగ్గర ఉంది, సభ్యులెవరైనా చూడవచ్చు. తొట్ల మీద ఖర్చు నామమాత్రం, గుణదల బస్సు మీదే ఎక్కువైంది. సభ్యత్వ రుసుము బాకీ ఉన్నవారు దయచేసి జూన్ లోపు కట్టగలరు.

2025లో ఆగమన కాలం నవంబర్ 30న మొదలవుతుంది. గడ్డిని అక్టోబరులోనే సేకరించి, తడి తగలని చోట పెట్టాలి. గుడి వరండా పనికిరాదని తేలిపోయింది. మేడ మీద రేకుల గది ఉన్నవారు ముందుకు రావాలి. కొట్లవాళ్లు అట్టపెట్టెలు ముందే చింపేస్తున్నారు కాబట్టి, పచారీ కొట్టు ఉన్న మన సభ్యులు సెప్టెంబర్ నుంచి పక్కన పెట్టగలరు. కుట్టు మిషన్ వచ్చినవారు ఇంకో ఇద్దరు మరియదళం అక్కలకు తోడుండాలి. ఈసారి బొమ్మలు కొన్ని తక్కువపడి, ఇద్దరు అన్నదమ్ములకు కలిపి ఒకటే ఇవ్వాల్సి వచ్చింది. అది ఎవరి దగ్గర ఉండాలన్న తగువు ఇంకా తెగలేదు.

ఇట్లు,
కార్యదర్శి