ముత్తాత పొలం దొరికింది, ఊరికి ఆయన చేసిన పని దొరకలేదు

సంపాదకుడు గారికి నమస్కారం.

నేను చెన్నై పెరంబూరులో ఉంటాను. మా నాయన కోచ్ ఫ్యాక్టరీలో ఉద్యోగం వచ్చి ఇక్కడ స్థిరపడ్డారు, మా సొంతూరు మాత్రం ఒంగోలు దగ్గర మూడొందల గడప కూడా లేని చిన్న పల్లె. రిటైరయ్యాక నాలుగేళ్లుగా మా ముత్తాత గురించి వెతుకుతున్నాను. "మీ ముత్తాత ఊళ్ళో పంచాయితీ పెట్టించిన మనిషిరా" అని మా నాయనమ్మ ఎప్పుడూ చెప్పేది. అంతకు మించి మా ఇంట్లో ఎవరికీ ఏమీ తెలియదు, ఆయన ఫోటో కూడా లేదు.

వెతకడం మొదలుపెట్టాక తెలిసింది, పొలం ఉన్న మనిషిని పట్టుకోవడం అంత కష్టం కాదని. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం విడిపోయేదాకా మన జిల్లాలన్నీ మద్రాసు కిందే ఉండేవి కాబట్టి ఆనాటి ప్రభుత్వ కాగితాలు చాలావరకు ఎగ్మోర్‌లోని ఆర్కైవ్స్‌లోనే ఉన్నాయి. అయితే ఏ జిల్లా పేరు మీద అడగాలో ముందు తెలియాలి. ఒంగోలు తాలూకా 1904 దాకా నెల్లూరు జిల్లాలో ఉండేది, ఆ ఏడు కొత్తగా ఏర్పడిన గుంటూరు జిల్లాలో కలిపారు, 1970లో ఒంగోలు జిల్లా అయింది, 1972లో దానికి ప్రకాశం అని పేరు పెట్టారు. ఇది తెలియక నేను గుంటూరు కింద ఆరు నెలలు వెతికి వెతికి విసిగిపోయాను, కావలసినవేమో నెల్లూరు కట్టల్లో ఉన్నాయి. ఇక తేదీలు. ఫసలీ (శిస్తు లెక్కల సంవత్సరం) అని ఉంటే 590 కలుపుకోవాలి, అది కూడా జూలైతో మొదలయ్యే సంవత్సరం. తెలుగు సంవత్సరాల పేర్లు అరవై ఏళ్లకోసారి తిరిగి వస్తాయి, రక్తాక్షి అని ఉంటే అది 1864 కావచ్చు, 1924 కావచ్చు. పైగా మన ఇళ్లల్లో తాత పేరే మనవడికి పెడతాం కదా, మా వంశంలో ఒకే పేరుతో ముగ్గురున్నారు! క్రయ దస్తావేజుల్లో "ఫలానా వారి కుమారుడు" అని తండ్రి పేరు రాయబట్టి, చెక్కుబందీలో పక్క పొలాల వాళ్ళ పేర్లు ఉండబట్టి ఆ ముగ్గురినీ విడదీయగలిగాను.

మా ముత్తవ్వ పేరు ఇన్నేళ్లలో నాకు ఒకే ఒక్క చోట కనిపించింది. పుట్టింటివాళ్ళు పసుపు కుంకుమ కింద ఇచ్చిన ఎకరం పొలాన్ని అమ్మినప్పుడు రాసిన దస్తావేజు కింద ఆమె నిశానీ ఉంది. ఆ పేజీ నకలు చేతిలోకి వచ్చిన రోజు చాలాసేపు అలాగే చూస్తూ కూర్చున్నాను. ఆ పొలం లేకపోయి ఉంటే ఆమె పేరు కూడా మాకు తెలిసేది కాదు.

ఇంత వెతికినా మా ముత్తాత ఊరికి ఏం చేశాడన్నది మాత్రం ఈ కాగితాల్లో దొరకలేదు. ప్రభుత్వానికి కావలసింది శిస్తు, అందుకే భూమి లెక్క సెంటు సెంటుకీ రాసిపెట్టారు. ఊరి మంచీ చెడ్డా ఊళ్ళోనే రాసుకున్నారు, ఆ రాతలు ఊళ్ళోనే ఉండిపోయాయి.

రెండేళ్ల కిందట ఊరికి వెళ్ళినప్పుడు పాత కరణంగారి మనవడు, డెబ్భై దాటిన పెద్దాయన, అటక మీద నుంచి ఒక గుడ్డమూట దించి ఇచ్చారు. 1984లో ఎన్టీఆర్ ప్రభుత్వం కరణాలు, మునసబులను తీసేసినప్పుడు లెక్కలన్నీ అప్పజెప్పినా ఇది మాత్రం ఇంట్లోనే ఉండిపోయిందట. అందులో మా ఊరి పంచాయతీ తీర్మానాల పుస్తకం ఉంది. మద్రాసు ప్రభుత్వం గ్రామ పంచాయతీల చట్టం చేసింది 1920లో, ఈ పుస్తకం రక్తాక్షిది, అంటే 1924. చెదలు తినగా ఇరవై రెండు పేజీలు మిగిలాయి. రచ్చబండ దగ్గర దీపానికి కిరసనాయిలు ఖర్చు ఎంత, చిమ్నీ పగిలితే కొత్తది ఎవరు తేవాలి, వర్షాలకు ముందు చెరువు కట్ట మీద గండ్లు పూడ్చడానికి ఇంటికొక మనిషి రావాలని... ఇలాంటివే అన్నీ. అన్నిటి కిందా మా ముత్తాత సంతకం, వంకర టింకర అక్షరాలతో.

చివరి పేజీలో మాత్రం వేరే విషయం ఉంది. ఊరి చివర దళితవాడకు (పుస్తకంలో పంచమపేట అని రాశారు) మంచినీళ్ల బావి తవ్వించాలని మా ముత్తాత ప్రతిపాదించాడు. ఇద్దరు సభ్యులు ఒప్పుకోలేదు. "వచ్చే సమావేశములో ఆలోచించవలెను" అని రాసి వదిలేశారు. అక్కడితో పుస్తకం అయిపోయింది.

తరువాతి పుస్తకాలు పంచాయతీ ఆఫీసులో ఉండాలని ఆశగా వెళ్ళాను. కొత్త భవనంలోకి మారేటప్పుడు పాత బీరువాల్లో ఉన్న కాగితాలన్నీ తూకానికి అమ్మేశారని చెప్పారు. వాళ్ళ మీద కోపం తెచ్చుకుని లాభం లేదు, అవి ఎందుకు దాచాలో వాళ్ళకు ఎవరూ చెప్పలేదు. కానీ ఆ బాధ ఇప్పటికీ పోలేదు.

అందుకే ఈ ఉత్తరం. సర్పంచులు, పంచాయతీ కార్యదర్శులు ఇది చదివితే ఒక్క మనవి: పాత తీర్మానాల పుస్తకాలు, మునసబుల కాలం నాటి జనన మరణ రిజిస్టర్లు, బడి అడ్మిషన్ రిజిస్టర్లు పారేసే ముందు కనీసం సెల్‌ఫోన్‌తో ప్రతి పేజీ ఫోటో తీయించండి. ఒక పుస్తకానికి ఒక పూట పడుతుంది, అంతే. దాచడానికి చోటు లేకపోతే దగ్గర్లో ఉన్న గ్రంథాలయాన్ని అడిగి చూడండి. వేటపాలెం సారస్వత నికేతనం 1918లో పుట్టింది, నూరేళ్ల నాటి పత్రికలను ఇవాళ్టికీ మనం చదవగలుగుతున్నామంటే అలాంటి చోట్ల ఎవరో పట్టుదలగా దాచబట్టే. కరణాలు, మునసబుల కుటుంబాలవాళ్ళు కూడా దయచేసి ఒకసారి అటకలు చూసుకోండి. మీకు పనికిరాని మూటలో ఇంకో ఇంటివాళ్ళ ముత్తాత ఉండొచ్చు.

చెన్నైలో ఉన్న మన తెలుగువాళ్ళకూ ఒక మాట. ఎగ్మోర్ మనకు లోకల్ రైల్లో వెళ్ళే దూరం. ఒంగోలు నుంచో కడప నుంచో రావాలంటే ఎంత ఖర్చో ఆలోచించండి. మీ వైపు బంధువులు ఎవరైనా ఇలా వెతుకుతుంటే వాళ్ళ బదులు మీరు వెళ్ళి చూసిపెట్టండి. ఒంగోలు తాలూకావాళ్ళు మీ పత్రిక ద్వారా అడిగితే నాకు చేతనైనంత నేనూ చూసిపెడతాను.

ఆ బావి తవ్వారో లేదో నాకింకా తెలియదు. అక్కడ పూడిపోయిన పాత బావి ఒకటి ఉందని, ఒర మీద ఏవో అక్షరాలు చెక్కిన రాయి ఉందని ఆ వాడలో ఒక అవ్వ చెప్పింది. చుట్టూ సర్కారు తుమ్మ పెరిగిపోయి పోయినసారి దగ్గరికి పోలేకపోయాను. సంక్రాంతికి వెళ్ళినప్పుడు మనుషుల్ని పెట్టి ఆ చెట్లు కొట్టిస్తాను.

ఇట్లు,
ఒక పాఠకుడు,
పెరంబూరు, చెన్నై