ఆదివారం పనికి ముందు రంపాలు చూసుకోండి

అందరికీ నమస్కారం. ఆదివారం ఉదయం 6:30కి కొమ్మలు కోసే పని మొదలు. ఈసారి లావు కొమ్మలున్నాయి, చైన్ రంపాలు శనివారం రాత్రికే సిద్ధం చేసుకోండి. అక్కడికొచ్చాక చైన్ పళ్లకి పదును పెడుతూ కూర్చుంటే ఎండెక్కిపోతుంది.

ముందు కోసేటప్పుడు పడే రంపపు పొట్టు చూడండి. పెచ్చుల్లా పడితే సరే. పిండిలా రాలుతుంటే చైన్ మొద్దుబారినట్టే. నొక్కి కోస్తే బార్ (చైన్ తిరిగే పొడవాటి పట్టీ) వేడెక్కి అరగడం తప్ప లాభం లేదు.

పదును పెట్టడానికి 0.325 పిచ్ (లంకెల మధ్య దూరం, అంగుళాల్లో) చైన్‌కి 4.8 మి.మీ. గుండ్రటి ఆకురాయి, 3/8 పిచ్ ‘లో-ప్రొఫైల్’ (తక్కువ ఎత్తు) చైన్‌కి 4 మి.మీ. మామూలుగా కోణం 30 డిగ్రీలు. ప్రతి పంటికీ అన్నే రుద్దులు, లోపలి నుంచి బయటికే. ఒక వైపు పళ్లు పొట్టివైతే కోత పక్కకి లాగుతుంది. చాలామంది దీనికి బార్‌ని తిడతారు, పాపం!

చైన్ బిగువు చల్లగా ఉన్నప్పుడే చూడండి: బార్ కింద వేలాడకూడదు, గ్లవ్స్ వేసుకున్న చేత్తో లాగితే సులువుగా తిరగాలి. వేడిమీద బిగిస్తే పని అయ్యాక వదులు చేయాలి. చల్లారితే చైన్ కుంచించుకుని షాఫ్ట్‌ని (చైన్‌ని తిప్పే ఇరుసుని) లాగేస్తుంది.

50:1 (50 పాళ్ల పెట్రోలుకి 1 పాలు ఆయిల్) రంపాలకి 5 లీటర్ల పెట్రోలుకి 100 మి.లీ. టూ స్ట్రోక్ ఆయిల్. నెల దాటిన మిశ్రమం తేవద్దు.

హెల్మెట్, కళ్లద్దాలు, కాళ్ల రక్షణ ప్యాంటు లేకుండా రంపం పట్టనివ్వం.

ఎవరి రంపం ఏ సైజో శుక్రవారంలోగా ఇక్కడే పెట్టండి. అదనపు చైన్లు దాన్నిబట్టి తెస్తాం.