రికార్డు పుస్తకంలో తెల్లటి అవక్షేపం

గౌరవనీయులైన రాష్ట్ర ఉన్నత విద్యాశాఖ మంత్రి గారికి,

నమస్కారం. శ్రీకాకుళం జిల్లా ప్రభుత్వ డిగ్రీ కాలేజీల్లో ఇరవై ఏళ్లకు పైగా కెమిస్ట్రీ చెప్పి రిటైరైనవాణ్ణి. ఏ కాలేజీ అన్నది రాయను. రాస్తే అక్కడి ప్రిన్సిపాల్‌కి మెమో వెళ్తుంది గానీ నిధులు వెళ్లవు.

ప్రభుత్వ కాలేజీలకి, విశ్వవిద్యాలయాలకి అందని నిధుల గురించే ఈ ఉత్తరం. ఆ సంగతికి ముందు ఒక సీసా సంగతి చెప్తాను. సిల్వర్ నైట్రేట్ గోధుమరంగు సీసాలో వస్తుంది. అందులో సగానికి పైగా వెండే. ఇచ్చిన లవణంలో ఏముందో కనిపెట్టే సాల్ట్ అనాలిసిస్‌లో క్లోరైడ్ ఉందో లేదో తేల్చేది ఇదే. పరీక్షనాళికలో నాలుగు చుక్కలు వేస్తే విరిగిన పాలలా తెల్లటి అవక్షేపం దిగుతుంది. వేలికి అంటితే మర్నాటికి నల్ల మచ్చ. ఆ మచ్చ చూసుకుని మురిసిపోయే పిల్లలుండేవారు. వెండి ధర పెరిగినప్పుడల్లా మా ల్యాబులో ఆ సీసా చిన్నదయ్యేది. ఒక ఏడు అసలు రానేలేదు. కావాలని ఇండెంట్ పెట్టాం, డబ్బు శాంక్షన్ అయింది, రిలీజ్ మాత్రం కాలేదు. మార్చి 31 దాటితే ఆ డబ్బు మురిగిపోతుంది. అలాగే మురిగిపోయింది.

ఆ ఏడు పిల్లలు రికార్డుల్లో ‘తెల్లటి అవక్షేపం ఏర్పడింది, క్లోరైడ్ ఉన్నది’ అని నీటుగా రాసి తెచ్చారు. ఎర్ర ఇంకుతో సంతకం పెట్టాను. ‘ఏటి సార్, మనం సూడకుండానే ఏర్పడిపోనాదా?’ అని ఒక పిల్ల అడిగింది. పలాస దగ్గర పల్లె ఆమెది. వాళ్లమ్మ జీడి పిక్కల పనికి వెళ్లేది. అప్పుడు నవ్వేసి ఊరుకున్నాను. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గుగా ఉంటుంది.

ఫీజు రీయింబర్స్‌మెంట్ ఇస్తున్నాం కదా, ఇంకేం కావాలి అని ప్రతి ప్రభుత్వమూ అంటుంది. ఆ పథకం వద్దనను. దాని మీదే చదివిన పిల్లలు నా క్లాసుల్లో ఎందరో ఉన్నారు. కానీ ఆ డబ్బు పిల్లాడి వెంట పోతుంది. ఫీజు ఎక్కువున్న ప్రైవేటు కాలేజీకి ఎక్కువ చేరుతుంది, ఫీజు నామమాత్రంగా ఉన్న మాలాంటి కాలేజీకి దాదాపు ఏమీ చేరదు. తల్లి ఖాతాలో వెయ్యాలా, కాలేజీ ఖాతాలో వెయ్యాలా అని ఏళ్ల తరబడి వాదించుకున్నారు. ఏ ఖాతాలో వేసినా మా ల్యాబుకి సీసా రాదు. పాసు ఇచ్చారు సరే, బస్సు ఎవరు కొనాలండీ?

పీజీకి వస్తే ఇది ఇంకా సూటిగా కనిపిస్తుంది. 2020 డిసెంబరులో జీవో 77తో ప్రైవేటు కాలేజీల్లో పీజీ చదివేవాళ్లకి రీయింబర్స్‌మెంట్ ఆపేశారు. అంటే కూలివాళ్ల పిల్లలకి ప్రభుత్వ విశ్వవిద్యాలయమే దిక్కన్నమాట. మరి దాన్ని బలంగా ఉంచాలా వద్దా? మా జిల్లా ఎచ్చెర్లలో 1977లో ఆంధ్రా విశ్వవిద్యాలయం పీజీ సెంటరుగా మొదలైనది 2008లో డాక్టర్ బీఆర్ అంబేద్కర్ విశ్వవిద్యాలయం అయింది. విశాఖలోని తల్లి విశ్వవిద్యాలయం 1926 నాటిది. ఆస్తులు, పాత విద్యార్థుల అండ, పరీక్ష ఫీజులు దానికున్నంత దీనికి ఎక్కడివి? జీతాలకి, పెన్షన్లకి, నడిపే ఖర్చుకి రాష్ట్రం ఏటా ఇచ్చే బ్లాక్ గ్రాంటే దీనికి ఊపిరి. జీతాల స్కేళ్లు మారినప్పుడు, పెన్షనర్లు పెరిగినప్పుడు గ్రాంటు దానికి తగ్గట్టు పెరగకపోతే లోటు పూడ్చుకునే దారి రెండే: పిల్లల ఫీజుతోనే నడిచే సెల్ఫ్ ఫైనాన్స్ కోర్సులు పెంచడం, పర్మినెంట్ పోస్టులు ఖాళీగా వదిలేయడం. రెండోది ఎవరికీ కనబడదు కాబట్టి ముందు అదే జరుగుతుంది.

2023లో రాష్ట్ర విశ్వవిద్యాలయాలన్నిటికీ కలిపి 3,220 అధ్యాపక పోస్టులకు నోటిఫికేషన్లు వచ్చాయి. అదీ కోర్టుల్లో చిక్కుకుంది. గంటల లెక్కన పాఠం చెప్పే గెస్ట్ లెక్చరర్లలో నా పాత విద్యార్థులే ఉన్నారు, కొందరికి నలభై దాటింది. సంబంధాలు చూడ్డానికి వచ్చినవాళ్లు ‘పర్మినెంటేనా బాబూ?’ అని అడిగితే ఏం చెప్పాలో తెలియక నాకు ఫోన్ చేస్తారు.

కేంద్రం సొమ్ము ఉందిగా అంటారేమో. రాష్ట్రాల ఉన్నత విద్యకి కేంద్రం సాయం చేసే రూసా పథకం 2013లో వచ్చింది, 2023లో అదే పీఎం ఉషా అయింది. ఖర్చులో నూటికి కేంద్రం 60, మన రాష్ట్రం 40 పెట్టాలి. మన వాటా ఆలస్యమైతే పనీ ఆగుతుంది, తర్వాతి విడతా ఆగుతుంది. పైగా కొన్ని గ్రాంట్లకి, కాలేజీల నాణ్యత తూచే నాక్ సంస్థ ఇచ్చే గ్రేడు కావాలి. గ్రేడుకి అధ్యాపకులు, ల్యాబులు కావాలి. వాటికి నిధులు కావాలి, నిధులకి గ్రేడు కావాలి. పిచ్చి కుదిరితే గాని పెళ్లి కాదు, పెళ్లయితే గాని పిచ్చి కుదరదు!

పక్కన విజయనగరంలో రాజావారి స్కూలు 1879లో కాలేజీ అయింది. శ్రీముఖలింగం పక్క పల్లెలో పుట్టిన గిడుగు, గురజాడ అక్కడే కలిసి చదువుకున్నారు. తర్వాత గురజాడ ఆ కాలేజీలోనే పాఠాలు చెప్పారు. ఆయన పేరుతో 2022లో జేఎన్‌టీయూ విశ్వవిద్యాలయం పెట్టారు, సంతోషం. పేరు పెట్టడం ఒక్క జీవోతో అయిపోయే పని, పోషించడం ఏటేటా చెయ్యాలి. అప్పుడు పోషించడానికి రాజులుండేవారు. ఇప్పుడు మీరున్నారు.

నేను అడిగేవి పెద్దవేం కావు. కాలేజీల నిర్వహణ డబ్బు కేటాయింపుతో ఆపకుండా జూన్‌లో, తరగతులు మొదలయ్యేలోపు విడుదల చెయ్యండి. బ్లాక్ గ్రాంటుని జీతాలు, పెన్షన్లతో ముడిపెట్టి, ఏడాది మధ్యలో కోత పెట్టకూడదని చట్టంలోనే రాయండి. ఫీజు బకాయిలు ఒక పద్దు, కాలేజీ నడిపే ఖర్చు ఇంకో పద్దు. ఒకదాన్ని చూపించి రెండోది మింగకండి. కోర్టు కేసులు తేల్చి పోస్టులు నింపండి.

మా జిల్లాకి వస్తే ఏదో ఒక ప్రభుత్వ డిగ్రీ కాలేజీకి ప్రాక్టికల్స్ జరిగే మధ్యాహ్నం రండి. వస్తున్నట్టు మాత్రం ముందుగా చెప్పకండి. చెబితే గోడలకి సున్నం వేయిస్తారు, ఆ ఖర్చు కూడా ల్యాబు డబ్బులోంచే పోతుంది.

ఇట్లు,
ఒక రిటైర్డ్ కెమిస్ట్రీ లెక్చరర్,
శ్రీకాకుళం