సర్వసభ్య సమావేశానికి కార్యదర్శి వార్షిక నివేదిక

సభ్యులందరికీ నమస్కారం. ఏడాదికోసారి నివేదిక చదవాలని నియమావళిలో ఉంది కాబట్టి చదువుతున్నాను. మన సాఫ్ట్‌వేర్ పనివాళ్ల సంఘం ఆశయాలు మీకు తెలిసినవే, మళ్లీ చెప్పి టీ చల్లార్చను.

ముందు ధన్యవాదాలు. ఆదివారాలు ఉచితంగా గది ఇచ్చిన కోచింగ్ సెంటర్ యజమానికి, బస్సులో ప్రొజెక్టర్ మోసుకొచ్చిన కోశాధికారి గారి తమ్ముడికి, విసుగు లేకుండా ప్రూఫులు దిద్దిన తెలుగు మాస్టారికి, సమోసాలకు సగం డబ్బే తీసుకున్న హోటల్ వాళ్లకు, సెలవు రోజున కూడా మమ్మల్ని ఇటు పంపిన ఇంట్లోవాళ్లకు. ఎవరినైనా మరిచిపోతే మన్నించాలి.

ఈ ఏడాది అసలు పని చీటీల పుస్తకం కొత్త ముద్రణ. (బ్యాంకులో 'చీటీలంటే చిట్‌ఫండా?' అని అడిగారు. కాదని రాసివ్వాల్సి వచ్చింది.) పనిలో తరచూ తగిలే చిక్కు, దాని విరుగుడు, పేజీకి ఒకటి. ఎక్కువగా నలిగింది గిట్ (కోడ్‌లో చేసిన మార్పుల చరిత్ర దాచే సాధనం) పేజీ. రీసెట్ హార్డ్ (కోడ్‌ని పాత స్థితికి లాగేసే ఆదేశం) కొట్టి రెండ్రోజుల పని పోయిందని అర్ధరాత్రి ఫోన్ చేసేవాళ్లకు ఇప్పుడు పేజీ నంబరు చెప్పి పడుకుంటున్నాను. మార్పుల్ని కమిట్ చేసి (గిట్‌లో భద్రం చేసి) ఉంటే, గిట్ కదలికల చిట్టా అయిన రీఫ్లాగ్‌లో దాని గుర్తు దొరుకుతుంది, అక్కడి నుంచి కొత్త బ్రాంచ్ (పని శాఖ) తీసుకుంటే చాలు. ఏ బ్రాంచ్‌కీ అందని ఎంట్రీలు మామూలుగా 30 రోజులే ఉంటాయి, కాబట్టి వాయిదా వేయకండి. అసలు కమిటే చేయనివాళ్లకు ఆ పేజీ అక్కరకు రాదు. క్రాన్ (చెప్పిన వేళకు పనులు తనే నడిపే ప్రోగ్రాం) పేజీ కూడా బాగా పనికొచ్చింది: సర్వర్ యూటీసీలో (మనకంటే ఐదున్నర గంటలు వెనకుండే ప్రపంచ ప్రామాణిక సమయం) ఉంటే మన ఉదయం 9 గంటల పనికి అక్కడ 3:30 రాయాలి. 9 అని రాస్తే మధ్యాహ్నం రెండున్నరకు నడుస్తుంది, మేనేజర్ ఫోన్ మాత్రం తొమ్మిదింటికే వస్తుంది.

ఇక మనం గర్వంగా చెప్పుకోవాల్సింది 'కంప్యూటర్లో తెలుగు' తరగతి. 2018 ఫిబ్రవరిలో 'జ్ఞా' అన్న ఒక్క అక్షరం దెబ్బకు ఐఫోన్లలో యాప్‌లు కూలిపోయిన సంగతితో మొదలుపెట్టాం. తర్వాత 'స్త్రీ' అని బోర్డు మీద రాసి, ఇందులో ఎన్ని అక్షరాలని అడిగాం. అందరూ ఒకటే అన్నారు. విడగొట్టి చూపించాం: స, పొల్లు, త, పొల్లు, ర, గుడి దీర్ఘం. మొత్తం 6 కోడ్ పాయింట్లు (యూనికోడ్‌లో ఒక్కో గుర్తుకిచ్చే సంఖ్యలు), వాటిని బైట్లుగా దాచే యూటీఎఫ్-8 పద్ధతిలో 18 బైట్లు. పండగ మెసేజ్‌కి బిల్లు ఎక్కువ ఎందుకొచ్చిందో ఒక కుర్రాడికి అక్కడే వెలిగింది. ఇంగ్లిష్‌లో ఒక ఎస్ఎంఎస్‌కి 160 గుర్తులు పడతాయి, తెలుగులో 70 మాత్రమే. అందులో 'స్త్రీ' ఒక్కటే ఆరు మింగేస్తుంది.

వెనక బెంచీలో డిగ్రీ అయిపోయి వచ్చిన ఒక అమ్మాయి తన ప్రాజెక్టు తెరిచి చూపించింది. 'సాఫ్ట్‌వేర్' అని వెతికితే సగం ఫలితాలే వస్తున్నాయి. కొందరు ట్ తర్వాత కనబడని విభజకం, అంటే యూనికోడ్‌లో 200సి, కొట్టారు. కొందరు కొట్టకపోతే వ కిందికి దిగి ఒత్తయింది. చదవడానికి ఒకటే మాట, కంప్యూటర్‌కి రెండు. చూపించే పాఠాన్ని ముట్టుకోకుండా, వెతుకులాటకు వేరే కాలమ్ పెట్టి, అందులోనూ వెతికే మాటలోనూ విభజకాన్ని తీసేయమన్నాం. ఆ అమ్మాయి పది నిమిషాల్లో సరిచేసి మళ్లీ వెతికితే అన్నీ వచ్చాయి. గదిలో చప్పట్లు కొట్టారు. ఇంకో సభ్యుడికి డేటాబేస్‌లో తెలుగు బాగానే దిగుతోంది, దండం ఎమోజీ పెడితే మాత్రం ఎర్రర్. అతని డేటాబేస్ సాఫ్ట్‌వేర్ మైఎస్‌క్యూఎల్‌లో పాత యూటీఎఫ్8 అమరిక అక్షరానికి 3 బైట్లే ఇస్తుంది, తెలుగుకి అవి చాలు, ఎమోజీకి 4 కావాలి. 4 బైట్లిచ్చే యూటీఎఫ్8ఎంబీ4కి మారమన్నాం.

చేదు మాట కూడా చెప్పాలి. వాట్సాప్‌లో బొటనవేలు చూపించినవాళ్లంతా ఆదివారం వస్తే గది చాలేది కాదు. తీరా కుర్చీలు వేసింది మేం ముగ్గురం. పుస్తకంలోని పేజీలు తమ ఆఫీసులో కొత్తవాళ్లకు పంచుతున్నామని గొప్పగా చెప్పినవాళ్లు తిరిగి ఒక్క పేజీ కూడా రాసివ్వలేదు. ప్రభుత్వ హాలు కోసం మూడుసార్లు అర్జీ పెట్టాం. మూడుసార్లూ 'సార్ మీటింగ్‌లో ఉన్నారు' అన్నారు. మూడో అర్జీకి మొదటి దాని నకలు కూడా అడిగారు.

జమాఖర్చుల కాగితం కోశాధికారి గారు పంచుతారు. ఆడిట్ అయింది, బాకీలు లేవు. చందా కట్టనివాళ్లు ఎవరో వాళ్లకే తెలుసు.

బ్యాకప్‌ల పేజీ రెండేళ్లుగా ఖాళీగానే ఉంది. పోయినేడు రాస్తానన్న సభ్యుడి ల్యాప్‌టాప్ డిస్క్ పోయింది, రాసిన ముసాయిదా కూడా అందులోనే ఉందట. ఆ పేజీ రాసేవాళ్లు సమావేశం ముగిశాక నా దగ్గర పేరు ఇవ్వండి.

ఇట్లు,
కార్యదర్శి