నమ్మకం లేని ఇంట్లో క్రిస్మస్

దేవుణ్ణి నమ్మనివాళ్లు క్రిస్మస్ చేసుకోవడం వట్టి వేషమన్న వాదన ఇంగ్లండ్‌లో ఉంటున్న నాకు సబబుగా తోచలేదు. 2021 జనగణనలో ఇంగ్లండ్, వేల్స్ జనాభాలో 37 శాతం మంది తమకు మతం లేదని రాశారు. అయినా డిసెంబరు 25న ఇంటింటా పండుగే. ఆ రోజు రైళ్లు దాదాపుగా ఉండవు, పెద్ద దుకాణాలు తెరవకూడదని 2004లో చట్టమే చేశారు. దాంతో తలోచోట ఉన్న పిల్లలు ముందురోజుకే ఇల్లు చేరతారు. మా పక్కింటివాళ్లు చర్చి గడప తొక్కరు. టర్కీ కోడి, బ్రసెల్స్ స్ప్రౌట్స్ అనే చిట్టి క్యాబేజీలు మాత్రం ఉండాల్సిందే (వాటిని ఇష్టంగా తినేవాణ్ణి నేనింకా చూడలేదు). కాగితపు కిరీటాలు పెట్టుకుని చీకటి పడేదాకా బల్ల దగ్గరే కబుర్లు. మన నాస్తికుడు మాత్రం సంక్రాంతికి అరిసెలు వద్దంటాడా? అసలు ఇబ్బంది కొత్తగా వచ్చిన మన విద్యార్థులది: బస్సు దొరకదు, హోటల్ తెరవరు, గదిలో ఒక్కరే. ఉగాదికి హాలు తీసుకునే ఇక్కడి తెలుగు సంఘాలు నవంబరులోనే వాళ్ల పేర్లు రాయించుకుని, నడిచి వెళ్లగల దూరంలోని తెలుగు ఇళ్లలో ఆ మధ్యాహ్నం భోజనం ఏర్పాటు చేయాలి.